ఎనిమిది చీటీల హవల్దారు

మా ఊరి వాళ్ళలో ఒకడు బర్మా పోయాడు, ఇంకొకడు బస్రా పోయాడు. నన్ను దిగువమెట్ట స్టేషన్లో దించారు.

నవ్వుకునేవాళ్ళు నవ్వుకోండి, నాకు అలవాటే. పెళ్ళికి పోయినా చావుకు పోయినా ఎవరో ఒకరు అడుగుతూనే ఉంటారు, "ఏసోబు మామా, యుద్ధంలో ఎంతమందిని కాల్చినావు?" అని. ఒక్కణ్ణి కూడా కాల్చలేదు. దొరల పటాలంలో నేను చూసిన యుద్ధమంతా గిద్దలూరు దాటాక నల్లమలలో ఉన్న ఒక రైలు సొరంగం. పట్టాలు పీకుతున్నారనీ, టెలిగ్రాఫు తీగలు కోస్తున్నారనీ, తీరం మీద బాంబులు పడ్డాయనీ పై వాళ్ళకు భయం పట్టుకుంది. ఎక్కడ వంతెన ఉంటే అక్కడ, ఎక్కడ సొరంగం ఉంటే అక్కడ కాపలా పెట్టారు. ఆ కాపలాలో నేనొకణ్ణి.

నేను పటాలంలో చేరినప్పుడు మా నాయన మూడు రోజులు అన్నం తినలేదు. కొడుకును సముద్రం దాటిస్తారని ఆయన బెంగ. మా పల్లె హనుమంతునిపాడు పక్కన. అక్కడి నుంచి గిద్దలూరుకు ఎద్దుల బండి మీద రెండు రోజులు. నన్ను ఎక్కడ వేశారో జాబు రాస్తే, పంతులు చేత చదివించుకుని జవాబు రాయించాడు: "అట్లయితే ఎవరన్నా వచ్చేటప్పుడు నెయ్యి పంపించేదా?" ఆ జాబు చూసి నాతోటి కాపలావాళ్ళు నెల రోజులు నన్ను ఏడిపించారు.

దిగింది ఎండాకాలం మొదట్లో, మధ్యాహ్నం బండికి. నా వెంట తుపాకీ, రెండు కంబళ్ళు, నీళ్ళ సీసా, అన్నం తినే డబ్బా, ఒక లాంతరు. స్టేషన్ నుంచి పట్టాల వెంబడి నడవాలి. ఎడమ పక్క వెదురు పొదలు, కుడి పక్క లోయ. కంకర మీద బూటు నిలవదు. బండలు కాలి, గాలి పొయ్యి ముందు కూర్చున్నట్టు తగులుతోంది. సొరంగం ముందుకు చేరేసరికి సీసాలో చుక్క నీళ్ళు లేవు.

సొరంగం మధ్యలో వంపు ఉంది. ఈ చివర నిలబడితే ఆ చివర వెలుతురు కనపడదు. గోడల నిండా పొగమసి, చెయ్యి ఆనిస్తే నల్లగా అంటుకుంటుంది. ఈ నోటి దగ్గర రాళ్ళు పేర్చి కట్టిన గది, దాని పక్కన వంట కొట్టం, గదిలో చేత్తో తిప్పే టెలిఫోను ఉన్నాయి. టెలిఫోను తీగ దిగువమెట్ట స్టేషన్ దాకానే. అవతలి నోటి దగ్గర ఇంకొక చిన్న కాపలా ఉంది, వాళ్ళకు టెలిఫోను లేదు. వాగు మా వైపు ఉంది కాబట్టి వాళ్ళకు నీళ్ళు కూడా మేమే పంపాలి. తోసుకుంటూ పోయే ట్రాలీ మీద రెండు పీపాలు పెట్టి, రైళ్ళు లేని వేళ చూసి, రోజూ సొరంగం గుండా తీసుకుపోవాలి.

గది ముందు ఒక పెట్టె మీద నడివయసు మనిషి కూర్చుని ఉన్నాడు. చొక్కా మీద హవల్దారు పట్టీలు. మోకాలి మీద ఒక కాగితం పెట్టుకుని మడత పెడుతున్నాడు. నేను బూట్లు కలిపి సలాము కొట్టాను.

"పేరు?"

"ఏసోబు, సాబ్."

"ఊరు?"

"హనుమంతునిపాడు పక్కన పల్లె."

"అయితే మనోడివే. మాది కంభం. దప్పిక మీద ఉన్నావు, ముందు నీళ్ళు తాగు."

నేను తాగుతుండగా ఆయన ఎడమ జేబులోంచి ఒక చిన్న చీటీ తీసి చదువుకున్నాడు. "కొత్త మనిషికి మంచం చూపించాల" అని పైకి అన్నాడు. లేచి నాకు మంచం చూపించాడు. తర్వాత ఆ చీటీని కుడి జేబులో వేసుకున్నాడు. నాకు నవ్వొచ్చింది. ఇంత పెద్ద పట్టీల మనిషి, మంచం చూపించడానికి కూడా చీటీ రాసుకున్నాడే అనుకున్నాను.

ఆయన పద్ధతి నాలుగు రోజుల్లో నాకు అర్థమైంది. పొద్దున ఆరు గంటలకు స్టేషన్ నుంచి టెలిఫోను వస్తుంది, ఆ రోజు ఏ బండి ఎప్పుడు వస్తుందో చెబుతారు. అది అయ్యాక ఒక వైపు రాసి పారేసిన ఫారం తీసుకుంటాడు. సగానికి మడుస్తాడు, మళ్ళీ సగానికి, మళ్ళీ సగానికి. గోరుతో మడతలు నొక్కి చించితే ఎనిమిది ముక్కలు. ముక్కకొక పని, ఉర్దూ అక్షరాల్లో. ఎనిమిదీ ఎడమ జేబులోకి. పని అయితే చీటీ కుడి జేబులోకి. సాయంత్రం కుడి జేబు మంచం మీద బోర్లించి లెక్క చూసి, ఎనిమిదీ ఉంటే పొయ్యిలో వేస్తాడు. ఆ రోజు పనులు ఏడే ఉంటే ఎనిమిదోది తెల్లగా వదిలేసేవాడు. ఆ తెల్ల చీటీ చేతికొస్తే కూర్చుని ఒక బీడీ కాల్చేవాడు. బీడీ అయ్యాక అది కూడా కుడి జేబులోకి పోయేది. తొమ్మిదో పని వస్తే, "అది రేపటిది" అనేవాడు.

దీని మీద, హవల్దారు తర్వాత మా మీద పెద్ద అయిన లాన్స్ నాయక్‌కు పెద్ద కంప్లైంటు ఉండేది. ఆయనది మార్కాపురం. ఇంట్లో తరాల నుంచి పలకలు చెక్కుతారు. పటాలానికి వచ్చేటప్పుడు కూడా చెక్క చట్రం వేసిన పెద్ద పలక ఒకటి వెంట తెచ్చుకున్నాడు. అది గదిలో టెలిఫోను పక్కన వేలాడేది. ఎవరు ఎప్పుడు కాపలా నిలబడాలో దాని మీద ముత్యాల్లాంటి అక్షరాలతో రాసేవాడు. ఆ చేతిరాత చూసి టెలిఫోను బాధ్యత కూడా ఆయనకే ఇచ్చారు.

"ఇంత మంచి పలక ఉండగా ఈ చీటీలెందుకు సాబ్? రాసుకో, తుడుచుకో. కాగితం ఖర్చు లేదు."

"అదే నాయనా తిరకాసు. తుడిచినాక పలక ఏం చెప్తది? పని చేసి తుడిచినానా, చేయకుండా తుడిచినానా? చెమట చెయ్యి తగిలి పోయిందా? చీటీ అట్ల కాదు. చేసిన పని కూడా నా దగ్గరే ఉంటది."

"చేసినామో లేదో మనకు గుర్తుండదా సాబ్?"

హవల్దారు బీడీ వెలిగించుకున్నాడు.

వానలు పడ్డాయి. అడవి ఒక్క వారంలో పచ్చగా మారింది. దోమలు, వాటి వెనకే చలిజ్వరం. మాకు క్వినైను మాత్రలు మింగించడం కూడా ఒక చీటీ పనే. హవల్దారు మా నోట్లో వేలు పెట్టి చూసినంత పని చేసేవాడు. చంద్రశేఖరపురం నుంచి వచ్చిన జవాను ఒకడు నాకు జోడీగా ఉండేవాడు. రాత్రి కాపలా అయినా ట్రాలీ అయినా ఇద్దరం కలిసే. వాడు ఆ మాత్ర మింగినట్టు నటించి వెదురు పొదలో ఊసేవాడు. జ్వరం వచ్చి పడ్డాక చీటీ రాయకుండానే మింగాడు.

ఆ వానల్లోనే ఒక మధ్యాహ్నం నేనూ హవల్దారూ సామాన్లు తేవడానికి స్టేషన్‌కు నడుస్తున్నాం. ఆయన ఎడారి యుద్ధం నుంచి వచ్చిన మనిషి. అక్కడ తమ లారీ పక్కన గుండు పడిన సంగతి చెప్పుకొచ్చాడు. ముందురోజు కూడా అదే చెప్పాడు. లారీలో ఉల్లిపాయల మూటలు ఉండేవట, ఇసుక మీద ఉల్లిపాయలు దొర్లిపోయాయట. అదే మాట, అదే చోట నవ్వు.

"ఇది నిన్న చెప్పినారు సాబ్" అన్నాను.

ఆయన ఆగిపోయాడు. పట్టాల పక్కన రాయి మీద కూర్చున్నాడు. నన్నూ కూర్చోమన్నాడు.

"చెప్పినానా? సరే, నీకు తెలిసిపోయింది. ఆ రోజు నాకు రక్తం రాలేదు ఏసోబు. ఒక్క గీత పడలేదు. లేచి దులుపుకుని నడిచినా. వారం తర్వాత తెలిసింది, పొద్దున విన్నది సాయంత్రానికి ఉండడం లేదని. పాతవి అన్నీ ఉన్నాయి. మా అమ్మ పాట ఉంది, రైఫిలు విప్పి బిగించడం ఉంది. కొత్తది నిలవదు. రోజూ వినంగ వినంగ మీ పేర్లు నిలిచినాయి, అదీ రెండు నెలలకు."

"డాక్టరుకు చెప్పలేదా?"

"చెప్పాలనే పోయినా. ఆయన ఏందని అడిగేసరికి, ఎందుకు పోయినానో మర్చిపోయినా."

చెప్పి నవ్వాడు. నాకు నవ్వు రాలేదు.

"తెలిస్తే డాక్టర్ల బోర్డు ముందర నిలబెడతారు. ఇంటికి పంపిస్తారు. నాకు ఇల్లంటే భయం లేదు, నా భార్య బంగారం. కానీ ఈడ పొద్దున లేస్తే పని ఉంది, చీటీ ఉంది. ఇంటికాడ చీటీ రాసుకునేంత పని ఏముంటది? ఊరికే కూచుంటే నేనెవరో కూడా మర్చిపోతా."

గొంతు మామూలుగానే ఉంది. ఎవరికీ చెప్పనని మాట ఇచ్చాను. ఆయన నవ్వి, "నువ్వు చెప్పినా నాకు గుర్తుండదులే" అన్నాడు.

నేను చెప్పలేదు గానీ చిన్న చోట దాగేది ఏముంది? ఒకే మాట రెండుసార్లు వింటే ఎవరికైనా అనుమానం వస్తుంది. ఒకరోజు లాన్స్ నాయక్ నన్నూ నా జోడీనీ వాగు దగ్గరికి పిలిచాడు.

"మనిషి మంచోడే, కాదనను. అయినా పైకి రాయాల. రేపు ఏదన్నా జరిగితే ఎవరిది పూచీ?"

"ఇన్ని నెలల్లో ఒక్క పని తప్పినాడా అన్నా?" అన్నాడు నా జోడీ. "నీ పలకే రెండుసార్లు తప్పింది. మొన్న వాన జల్లుకు మా తర్వాత వాళ్ళ పేర్లు తుడిచిపెట్టుకుపోయి, మా బదులు ఎవరూ రాక మేమిద్దరం తెల్లారిందాకా నిలబడినాం."

లాన్స్ నాయక్‌కు ఆ మాట గుచ్చుకుంది. "సరే. ఒక్కటి తప్పిన రోజు మాత్రం నేను రాస్తా" అన్నాడు. మేం ఒప్పుకున్నాం.

విచిత్రమేమిటంటే, కొన్నాళ్ళకు మేమందరం చీటీలకు మరిగాం. నా జోడీ పనులు రాసి చీటీలన్నీ తుమ్మముల్లుకు గుచ్చుకునేవాడు, అయినదాన్ని పీకేసేవాడు. నేను నాలుగుతో సరిపెట్టుకున్నాను, నాకు ఎనిమిది పనులు ఎవరిస్తారు? పట్టాలు చూసి రావడం, తుపాకీ తుడవడం, పీపాలు నింపడం, నాయనకు జాబు. తల తేలికైపోయేది. ఏదో మర్చిపోయానేమో అనే గుబులు ఉండేది కాదు. లాన్స్ నాయక్ కూడా పలక చట్రానికి చీటీ ఒకటి దోపడం నేను చూశాను, చూడనట్టు ఊరుకున్నాను. వంట మామ ఒక్కడే లొంగలేదు. హవల్దారు లాగే ఆయనా కంభం సాయిబే, చదువు లేదు, వయసులో మా అందరికీ పెద్ద. "నాకు చీటీలెందుకురా? మీరు పళ్ళేలు పట్టుకుని నిలబడితే అదే నా చీటీ" అనేవాడు.

చలికాలం మొదలైన ఒక రోజున, ఒక్కటి తప్పింది.

ఆ రోజు గది దగ్గర జరిగింది నాకు తర్వాత చెప్పారు. నేను చూసినంత నేను చూసినట్టుగా, విన్నది విన్నట్టుగా చెబుతాను.

పొద్దున స్టేషన్ నుంచి మామూలు బండ్లతో పాటు ఒక స్పెషల్ సంగతి చెప్పారు. జవాన్లను తీసుకుపోయే బండి, నంద్యాల వైపు నుంచి మధ్యాహ్నం మూడింటి తర్వాత వస్తుంది. కాబట్టి నీళ్ళ ట్రాలీని ఆ బండి పోయాకే పంపాలి. ఆ రోజు టెలిఫోను హవల్దారే ఎత్తాడు, లాన్స్ నాయక్ జ్వరంతో పడుకుని ఉన్నాడు. హవల్దారు స్పెషల్ సంగతి ఒక చీటీ మీద రాసుకున్నాడు, నీళ్ళ ట్రాలీ సంగతి ఇంకొక చీటీ మీద.

పది గంటలప్పుడు వంట కొట్టంలో టీ తాగుతూ, ముఖం తుడుచుకుందామని ఎడమ జేబులోంచి రుమాలు లాగాడు. స్పెషల్ చీటీ దాంతో పాటు వచ్చి కింద పడింది. ఆయన చూడలేదు, వెళ్ళిపోయాడు. తర్వాత వంట మామ చూశాడు. మట్టిలో, బూట్ల కింద పడే చోట, ఉర్దూ అక్షరాలున్న కాగితం. ఆయనకు చదువు రాదు. కుడి నుంచి ఎడమకు రాసిన ప్రతి అక్షరమూ ఆయనకు దేవుడి మాటే. బిస్మిల్లా అనుకుని తీశాడు, ఊది మన్ను దులిపాడు, కళ్ళకద్దుకున్నాడు. తొక్కుడు పడకుండా, చెయ్యి అందినంత ఎత్తులో, గోడ రాళ్ళ సందులో దోపాడు. కంభంలో వాళ్ళ ఇళ్ళలో ఎవరైనా అదే చేస్తారు. చేసి పప్పు కడగడానికి వెళ్ళిపోయాడు.

మధ్యాహ్నం రెండున్నర దాటాక హవల్దారు జేబులోంచి నీళ్ళ ట్రాలీ చీటీ వచ్చింది. ఆ వేళకు మామూలు రోజుల్లో బండి లేదు. నన్నూ నా జోడీనీ పిలిచి పంపాడు. మేం పీపాలు కట్టి, లాంతరు ముందర తగిలించి, సొరంగంలోకి తోసుకుపోయాం. మా వైపు నుంచి లోపలికి ఎత్తు. భుజం పెట్టి తోస్తే గానీ కదలదు.

మేం లోపలికి పోయాక కొంతసేపటికి గది దగ్గరికి లెఫ్టినెంటు వచ్చాడు. గుంటూరు వైపు మనిషి, కొత్తగా వచ్చిన చిన్న ఆఫీసరు, అప్పుడప్పుడు కాపలాలు చూసిపోయేవాడు. గదిలో పలక వైపు చూశాడు.

"పలక ఖాళీగా ఉందేమిటి హవల్దార్? ఇవాళ పనులన్నీ అయ్యాయా?"

"లాన్స్ నాయక్‌కు జ్వరం సార్. నా పనులు జేబులో ఉంటాయి. అయిపోయినాయి, చూపిస్తా."

ఎడమ జేబులో ఏమీ లేదు. కుడి జేబులోవి తీసి బల్ల మీద పరిచాడు. ఏడు. మళ్ళీ లెక్క పెట్టాడు. ఏడే. తెల్ల చీటీ కూడా అందులోనే ఉంది. రెండు జేబులూ బయటికి లాగాడు. కాగితాన్ని మూడుసార్లు మడిచి చించితే ముక్కలు ఎనిమిదే, ఏడు కావడానికి వీల్లేదు. ఏదో ఒక పని జారిపోయింది. అది ఏ పనో ఆయన తలలో లేదు.

ఆ క్షణంలో ఆయన ఊరుకుని ఉండొచ్చు. ఆఫీసరుకు ఎనిమిది తెలియదు, ఏడు తెలియదు. సలాము కొట్టి పంపించి, తర్వాత నిదానంగా వెతుక్కోవచ్చు. అట్లా చేసి ఉంటే ఉద్యోగం నిలిచేది, మేం నిలిచేవాళ్ళం కాదు. ఆయన ఈల నోట్లో పెట్టుకుని సొరంగం వైపు పరుగెత్తాడు. పోతూ పోతూ మంచం మీదున్న లాన్స్ నాయక్‌తో అన్నాడు:

"స్టేషన్‌కు టెలిఫోను చేసి ఏం మర్చిపోయినానో కనుక్కో. ముందు నా మనుషులు బయటికి రావాల."

లోపల మాకు ఈల వినపడింది. మూడుసార్లు. ఆగి మళ్ళీ మూడుసార్లు. ఆ గోడల మధ్య అది ఎటు నుంచి వస్తోందో తెలియదు. మూడుసార్లు ఈల వేస్తే చేతిలో పని వదిలి బయటికి రావాలని ఆర్డరు. కానీ ట్రాలీని పట్టాల మీద వదిలి ఎట్లా వస్తాం? నా జోడీ నా ముఖం చూశాడు. "వెనక్కి వదులుదామా అన్నా?" అన్నాడు. మా వైపు పల్లమే కదా. బరువు తగ్గాలని ఒక పీపాను పట్టాల పక్క కాలువలోకి దొర్లించాం. ట్రాలీ ఎక్కి బ్రేకు వదిలాం. అది కదిలింది, కాసేపటికి మేం ఆపగలిగినదానికంటే వేగంగానే కదిలింది. లాంతరు ఆరిపోయింది. నేను మా అమ్మ నేర్పిన ప్రార్థన మొదలుపెట్టి, సగంలో మాటలు తప్పి, మళ్ళీ మొదటి నుంచి అందుకున్నాను.

వెలుతురులోకి వచ్చేసరికి కళ్ళు బైర్లు కమ్మాయి. బ్రేకు తొక్కి ట్రాలీని ఆపాం. ఎదురుగా హవల్దారు, రొప్పుతున్నాడు. రెండు జేబులూ బయటికి వేలాడుతున్నాయి. పక్కన లెఫ్టినెంటు.

"ఎందుకు పిలిచారు హవల్దార్? ఏమైంది?"

"తెలియదు సార్."

"తెలియకుండా ఈల వేశారా?"

"నాకు గుర్తుండదు సార్. ఎడారి నుంచి వచ్చినప్పటి నుంచి గుర్తుండడం లేదు. ఏదో ఉంది. అది ఏందో తెలియదు. వీళ్ళు మాత్రం లోపల ఉండకూడదు."

ఇన్ని నెలలు దాచుకున్నది అట్లా రెండు ముక్కల్లో చెప్పేశాడు. లెఫ్టినెంటు ఇంకేదో అడగబోయాడు. ఇంతలో కంబళి కప్పుకుని లాన్స్ నాయక్ గదిలోంచి తూలుతూ వచ్చాడు. "స్పెషల్ సార్. సొరంగం అవతలి స్టేషన్ దాటి చాలాసేపు అయిందంట. పొద్దునే చెప్పినాం కదా అంటున్నారు."

ఆఫీసరుతో సహా అందరం ట్రాలీకి చేతులు వేశాం. వంట మామ గరిటె పారేసి వచ్చి పట్టాడు. పీపాతో సహా ఎత్తి పక్కకు దొర్లించాం. తర్వాత పట్టాలు సన్నగా మోగడం మొదలుపెట్టాయి. సొరంగం నోటి నుంచి ముందు పొగ వచ్చింది, తర్వాత ఇంజను. పెట్టె తర్వాత పెట్టె పోతూనే ఉంది. అన్నిట్లోనూ జవాన్లు, మా వయసువాళ్ళే. కిటికీలోంచి ఒకడు మాకు చెయ్యి ఊపాడు. ఇంకొకడు నారింజ తొక్క విసిరాడు, అది నా జోడీ బూటు మీద పడింది. వాళ్ళకు ఏమీ తెలియదు. ఇప్పటికీ ఎక్కడైనా ఉంటే తెలియకుండానే ఉంటారు.

బండి పోయాక కంకర మీద కూలబడ్డాను.

చీటీ సంగతి బయటపడడానికి ఎంతోసేపు పట్టలేదు. అందరూ నేల వెతుకుతుంటే వంట మామ, "ఏం కాగితం? ఉర్దూదా?" అని అడిగి, కొట్టంలోకి పోయి, రాళ్ళ సందులోంచి తీసి తెచ్చాడు. అదేమిటో హవల్దారు చదివి వినిపించేసరికి ముసలాయన తల బాదుకుని ఏడ్చాడు. హవల్దారు ఆయన చేతులు పట్టి ఆపాడు.

"నీది తప్పు కాదు భాయ్. కింద పడిన అక్షరాన్ని పైన పెట్టినావు. నేనైనా అదే చేసేవాణ్ణి."

లెఫ్టినెంటు ఆ సాయంత్రం అక్కడే ఉండిపోయాడు. మా ముందే హవల్దారును కూర్చోబెట్టి మాట్లాడాడు. "కారణం తెలియకుండా ఈల వెయ్యడానికి నాకైతే ధైర్యం చాలదు. మీరు వేశారు. అది రాస్తాను. మరపు సంగతి కూడా రాయాలి. రెండూ రాయకుండా ఉండలేను."

"రాయండి సార్. రెండూ నిజమే."

లాన్స్ నాయక్ గోడ వైపు తిరిగి నిలబడ్డాడు. రాస్తానన్నవాడు ఆయనే. ఇప్పుడు తాను రాయనక్కర లేకుండానే అయిపోయింది, అయినా ఆయన కళ్ళు తుడుచుకోవడం నేను చూశాను.

పది పన్నెండు రోజులకు ఆర్డరు వచ్చింది. బోర్డు ముందుకు పోవాలి, సామాన్లతో. ఆ పొద్దున కూడా ఆయన కాగితం మడిచాడు. రైఫిలు అప్పజెప్పాలి, కంబళ్ళు అప్పజెప్పాలి, కొత్త హవల్దారుకు ట్రాలీ బ్రేకు చూపించాలి. ఒక్కొక్కటీ ఎడమ నుంచి కుడికి మారింది. ఆయన పెట్టె నేను మోశాను. స్టేషన్లో బండి కోసం నిలబడ్డప్పుడు చివరి చీటీ తీశాడు. తెల్లది. ఇద్దరం బెంచీ మీద కూర్చుని ఒక్కొక్క బీడీ కాల్చాం. బండి వచ్చాక నేను పెట్టె అందిస్తుంటే అన్నాడు, "మాత్రలు మింగండి, ఏసోబు."

యుద్ధం అయిపోయాక మమ్మల్ని విడుదల చేశారు. నేను మార్కాపురం రోడ్డు దాకా టిక్కెట్టు తీసుకున్నవాణ్ణి కంభంలోనే దిగిపోయాను. బజారు వెనక సందులో హవల్దారు ఇల్లు ఎవరిని అడిగినా చెప్పారు. ఆయన భార్య తలుపు తీసింది. సొరంగం కాపలా నుంచి వచ్చానని చెప్తే, నన్ను వసారాలో ఆపి, నెమ్మదిగా అంది:

"మీరు బాధపడొద్దు అన్నా. మిమ్మల్ని గుర్తుపట్టడు. ఇంటికి వచ్చినాక ఎక్కువైంది. ఇప్పుడు చెప్పింది ఇప్పుడే పోతుంది."

లోపల చాప మీద కూర్చుని ఉన్నాడు. బాగా చిక్కిపోయాడు. గడ్డం తెల్లబడింది. నన్ను చూసి మర్యాదగా లేచి నిలబడ్డాడు.

"సలాం. ఎవరు మీరు?"

"ఏసోబును, సాబ్. సొరంగం కాడ మీ కింద పని చేసినా."

పేరు ఆయనకు అందలేదు. సొరంగం అన్న మాట అందింది. గబగబా రెండు అడుగులు వేసి నా మోచెయ్యి పట్టుకున్నాడు.

"అందరూ బయటికి వచ్చినారా?"

నేను ఆయన భార్య వైపు చూశాను. "రోజూ ఇదే" అంది ఆమె. "నన్ను అడుగుతాడు, పాలామెను అడుగుతాడు. వచ్చినారని చెప్తే, నువ్వు ఆడ ఉన్నావా, నీకేం తెలుసు అంటాడు."

"వచ్చినాం సాబ్" అన్నాను. "ట్రాలీ మీద ఉన్నది ఇద్దరం. నేనొకణ్ణి. నేను ఆడనే ఉన్నా. అందరం వచ్చినాం."

"నువ్వు ఉన్నావా ఆడ?"

"ఉన్నా సాబ్."

ఆయన నన్ను తల నుంచి పాదాల దాకా చూశాడు. భుజం తడిమాడు, చెయ్యి తడిమాడు, వేళ్ళు కూడా ఒకటొకటిగా చూశాడు. తర్వాత పెద్దగా ఊపిరి వదిలి చాప మీద కూర్చున్నాడు. ముఖంలో ఉన్న బిగువంతా పోయింది. నవ్వాడు. నాకు ఏడుపు ఆగలేదు.

ఆమె టీ తెచ్చింది. సగం తాగాక హవల్దారు తలెత్తి నన్ను చూశాడు. గ్లాసు కింద పెట్టి, మర్యాదగా లేచి నిలబడ్డాడు.

"సలాం. ఎవరు మీరు?"

నేను మళ్ళీ చెప్పాను. ఆయన మళ్ళీ నా మోచెయ్యి పట్టుకుని అడిగాడు, మళ్ళీ తడిమి చూసుకున్నాడు. సాయంత్రం బండి వేళ దాకా ఎన్నిసార్లు చెప్పానో లెక్క పెట్టలేదు. చెప్పిన ప్రతిసారీ ఆయన అట్లాగే ఊపిరి వదిలి, అట్లాగే కూర్చుని, మేం అప్పుడే బయటికి వచ్చినట్టు నవ్వాడు.